మల్బరీ ఆకు మూడో ఫోటో

పొర విడిచే నాలుగో జ్వరం నుంచి లేచిన పట్టుపురుగుల ఆకలి అంతా ఇంతా కాదు. నిన్న పొద్దున కోసిన ఆకు రాత్రి మేతతో అయిపోయింది. మధ్యాహ్నం దాటినా తట్టల్లోకి ఒక్క ఆకు పడలేదు. వాటిని చూడలేక సుజాత షెడ్డు తలుపు దగ్గరికి వేసి వచ్చేసింది. వారం నుంచి సరైన నిద్ర లేదు మనిషికి, ఒళ్ళు ఒళ్ళులా లేదు.

ఈ పొద్దున కోసిన మల్బరీ ఆకంతా ఆకుల గదిలో తడి గోనె కింద ఉంది. దాని నిండా తెల్లమచ్చలు. తెగులైతే మంచి ఆకు ఏరి వేయొచ్చు. పురుగుమందైతే మాత్రం తిన్న పురుగు బతకదు. ఏ సంగతో తేల్చాల్సింది కదిరిలో ఉండే పట్టుపరిశ్రమ ఆఫీసు మేడం జ్యోతిలక్ష్మి. ఆమెకు ఫోటో పంపాలి. బయట తీద్దామంటే ఈ దిక్కుమాలిన గాలి ఆకును ఒక్క క్షణం నిలవనివ్వదు. గదిలో ఫోను దగ్గరికి తెస్తే దాని నీడే ఆకు మీద పడుతుంది. అందుకని మొగుడు తిప్పేష్ ఫ్లాష్ వేసి తీశాడు. రెండుసార్లూ మేడం ఫోన్ చేసి ఒకటే మాట.

"ఆకు యాడుందమ్మా? అంతా తెల్లగా మెరుస్తాంది. ఇది చూసి నేనేం చెప్పేది?"

సుజాతకు ఒళ్ళు మండింది. తిప్పేష్ పెళ్ళికి ముందు స్టూడియోలో పనిచేసినవాడు. పెళ్ళికూతురి ముఖం మీద లైటు ఏ పక్క నుంచి పడాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు.

"ఏమప్పా, ఊరందరి పెండ్లిండ్లకీ లైట్లు పట్టినోడివి, ఒక్క ఆకును తీయడానికి నీకేం రోగమొచ్చింది? ఆడ పురుగులు సస్తాండాయి!"

తిప్పేష్ గోనె కింది నుంచి ఒక ఆకు తీసి పెట్టాడు. లేచి వెళ్ళి, పోయిన పంటలో మిగిలిన డొల్ల పట్టుగూడు ఒకటి తెచ్చాడు. దాని కొన కత్తిరించి తన ఫోను లైటుకు తొడిగాడు. కళ్ళు చెదరగొట్టే వెలుతురు తెల్లపంచె చాటు నుంచి వచ్చినట్టు మెత్తబడింది. దాన్ని ఆకు పక్కగా, బాగా కిందికి పట్టాడు.

"నీ ఫోన్‌తో ఇప్పుడు తీయి," అన్నాడు.

ఈసారి ఆకు ఈనెలతో సహా పడింది. ప్రతి మచ్చా ఎండిపోయిన చుక్కే, చుట్టూ సన్నటి పసుపు అంచు. పంపిన కాసేపటికే మేడం ఫోన్ చేసింది.

"తెగులు కాదమ్మా, మందు చుక్కలు. పక్కన ఎవరో కొట్టినారు. ఒక్క ఆకు గూడా వేయొద్దు."

పక్క చేను ప్రతాప్‌ది, టమోటా. "వాని నోట్లో మన్ను పడ!" అంటూ సుజాత కొంగు బిగించి బయల్దేరింది. తిప్పేష్ గడపలో అడ్డం నిలబడ్డాడు.

"ప్రతాప్‌ను ఏమీ అనొద్దు. నిన్న మధ్యాన్నం వాని చేన్లో కూలికి మందు కొట్టింది నేనే. గాలి ఇటు తిరిగింది, చూసుకోల్యా."

నిన్న మధ్యాహ్నం సుజాత కాస్త కునుకు తీసిన వేళ అన్నమాట. బిగించిన కొంగు వదిలేసింది. అప్పుడు తట్టింది ఆమెకు.

"అయితే పొద్దున్నే తెలుసు నీకు."

"అనుమానం ఉండె. తెగులైతే బాగుండు అనుకుంటి."

"అందుకే ఫ్లాష్ ఆకు మొగాన కొట్టినావు."

తిప్పేష్ ఫోను లైటుకున్న పట్టుగూడు ఊడదీశాడు.

"మందు సంగతి సరేలే, గాలి నీ సేతిలో ల్యా. మొదటి ఫోటోనే ఇట్లా తీసింటే, పొద్దున్నుంచీ ఆకు ఎతుక్కుంటాంటిమి గదా మామా!"

అతను బండి తీశాడు. ఏ ఊళ్ళో ఎవరి తోటలో ఆకు మిగిలిందో అడుక్కుంటూ పోవాలి. బండి చప్పుడు దూరమయ్యాక సుజాత వెళ్ళి షెడ్డు తలుపు తీసింది. మేత వచ్చిందనుకుని తట్టల్లో తలలు పైకి లేచాయి. కొన్ని మాత్రం లేవలేదు.