లోపలి వాకిలి

"ఆప్రికాట్ చెట్లు పూసేలోపు నాలుగు పెళ్లి బేరాలన్నా పడకపోతే కెమెరాలు రెండూ అమ్మేస్తాను. కారు కొనుక్కుని కోకంద్ రూట్లో టాక్సీగా తిప్పుకుంటాను," అన్నాడు ఇల్హోమ్. అని, టీ గిన్నె కోసం చెయ్యి చాపాడు.

ఆయన భార్య ముహయ్యో అప్పుడు రొట్టెల నడిమిన ఉబ్బకుండా మేకుల అచ్చు గుద్దుతోంది. ఆ వారానికి సరిపడా పద్దెనిమిది రొట్టెలు. పిండి చేతులు కొంగుకు తుడుచుకుని, టీ పోసి ఆయన చేతికిచ్చి, మళ్లీ వచ్చి అచ్చు పట్టుకుంది. "దేవుడే దారి చూపిస్తాడులెండి," అంది పైకి. లోపల మాత్రం 'కెమెరాలు రెండూ' అన్న మాట దగ్గరే ఆగిపోయింది. రెండింట్లో ఒకదాని పట్టీ తన మెడ దగ్గరే అరిగింది. దాని మీట మీద నలుపు పోయింది తన వేలికే. దాన్ని తనది అని పద్నాలుగేళ్లలో ఎన్నడూ అనుకోలేదు. అమ్మేస్తానన్న ఈ పూటే అనిపించింది.

ఆ కెమెరా ఆమె చేతికి రావడం కూడా ఒక తమాషా. మార్గిలాన్ ఊళ్లో ఏ పెళ్లయినా ఇంటికి రెండు వాకిళ్లు. బయటి వాకిలి మగవాళ్లది, అక్కడ పలావూ పెద్దల దీవెనలూ. లోపలి వాకిలి ఆడవాళ్లది, అక్కడ పాటలూ ఏడుపులూ ఎకసెక్కాలూ. ఆమె కాపురానికొచ్చిన ఏడాదే, ఒక పెళ్లిలో ఇల్హోమ్ కెమెరా పట్టుకుని లోపలి గుమ్మం దాకా వెళ్లేసరికి ముసలమ్మలంతా కలిసి తరిమేశారు. ఆయన బయటికొచ్చి కెమెరాను కొత్త పెళ్లాం చేతిలో పెట్టి, "ఇదిగో, ఇక్కడ నొక్కు, అంతే. బుర్ర పెట్టే పనేం లేదు," అన్నాడు. ఆమె ఆ మాట విని, ఆ రోజు నుంచీ బుర్ర పెడుతూనే ఉంది. పెళ్లికూతురు మర్నాడు పొద్దున్నే మేలిముసుగులో ఒక్కొక్కరి ముందూ వంగి సలాములు చేస్తుంటే ఆ నడుం ఎన్నోసారికి నొప్పెడుతుందో ఆమెకు తెలుసు. తల్లి గదిలోకి పోయి ఎప్పుడు ఏడుస్తుందో, ఏడ్చి మొహం కడుక్కుని వచ్చి ఎప్పుడు నవ్వుతుందో తెలుసు. అన్నీ తీసింది. ఇంటికొచ్చి గిన్నెలు తోమి, అత్తగారి కాళ్లకు వేడినీళ్లు పెట్టి, ఆ తర్వాత కూర్చుని ఏరింది. ప్రతి ఫోటో మూలనా 'ఇల్హోమ్ ఫోటో' అని ముద్ర పడింది. బజార్లో ఆడవాళ్లు ఆమెనే ఆపి, "మీ ఆయన భలే తీశాడమ్మా," అనేవాళ్లు. లోపలి వాకిట్లో మీ ఆయన్ని ఎవరు రానిచ్చారని ఒక్కరికీ తట్టేది కాదు. ఆమె కూడా నవ్వి, "చెబుతానక్కా," అనేది.

ఇక ఆమె పేరు. అత్తగారు సలోమత్‌కు ఆమె 'కెలిన్', అంటే కోడలు. ఇల్హోమ్‌కు, అక్కడి మర్యాద ప్రకారం, కూతురి పేరే పెళ్లాం పేరు. "నోదిరా, టీ," అంటే పెద్ద నోదిరా లేస్తుంది, చిన్న నోదిరా కూర్చునే ఉంటుంది. బజార్లో 'ఫోటో ఇల్హోమ్ వాళ్లావిడ.' ముహయ్యో అన్న పిలుపు పుట్టింట్లోనే, లేకపోతే ఆస్పత్రి చీటీ మీద. అదొక లోటని ఆమె అనుకోలేదు. తల్లీ అలాగే బతికింది, అమ్మమ్మా అలాగే బతికింది.

పెళ్లిళ్లు ఎందుకు తగ్గాయో అందరికీ తెలుసు. ప్రతి చుట్టం చేతిలోనూ ఫోన్ ఉంది. పైగా ఊళ్లో ఎగిరే కెమెరాతో కొత్త స్టూడియో వచ్చింది. బేరాలు కావాలంటే ఒక బ్లాగు పెట్టుకోవాలనీ, ఫోటో పెట్టి దాని కథ రాస్తే జనం వెతుక్కుంటూ వస్తారనీ ముహయ్యో ఫోన్‌లో చదివింది. భర్తతో అంటే, "రాసుకో, ఎవరొద్దన్నారు? తందూరు చల్లారకుండా రాసుకో," అని నవ్వాడు. అత్తగారు నవ్వలేదు. "ఊళ్లో ఆడపిల్లల మొహాలు తీసుకెళ్లి వీధిలో పెడతావా కెలిన్? మనల్ని నమ్మి గుమ్మం దాటనిచ్చారే, అందుకా?"

ముసలావిడ మాట కటువుగానే ఉంది గానీ అబద్ధం కాదు. ముహయ్యో పెళ్లికూతుళ్ల తల్లుల్ని ఒక్కొక్కరినే అడిగింది. "నీ పని బంగారమే, కానీ దిష్టి తగులుతుంది తల్లీ," అన్నారు ఒకరు. "మా అల్లుడు చూస్తే కొంప మునుగుతుంది," అన్నారు ఇంకొకరు. పద్నాలుగేళ్ల పనిలో బయట పెట్టడానికి ఒక్క మొహం లేదు. బ్లాగుకు 'లోపలి వాకిలి' అని పేరు పెట్టింది. రాసేవారి పేరు అన్న చోట ఏం రాయాలో తెలీక వదిలేసింది. మూడు వారాలు ఆ పేజీ ఊడ్చిన వాకిలిలా ఖాళీగా ఉంది. ఒకరోజు తెల్లవారి నమాజు అయ్యాక దోసిలి పట్టి కూర్చుని, దేవుణ్ణి అడగాల్సినవన్నీ అడిగి, ఆ దోసిలి వైపే చూస్తూ ఉండిపోయింది. మొహాలు వద్దన్నారు. చేతులు వద్దని ఎవరూ అనలేదే.

ఆ వారమే హోసియత్ వాళ్లింట్లో బొంతలు కుట్టారు. హోసియత్ రెండు సందుల అవతల ఉంటుంది. కూతురు దిల్నవోజ్ పెళ్లి దగ్గరపడింది, ఆప్రికాట్ పూతలోపు ఇల్హోమ్ చేతిలో ఉన్న బేరం అదొక్కటే. పెళ్లికూతురి బొంతలు కుట్టే రోజు పేటలో ఆడవాళ్లంతా వస్తారు. మొదటి కుట్టు మాత్రం మొగుడూ పిల్లలూ చల్లగా ఉన్న మనిషే వెయ్యాలి. మొగుడు పోయినవాళ్లు వచ్చి కూర్చోవచ్చు, టీ తాగొచ్చు, పాట అందుకోవచ్చు. సూది ముట్టకూడదు. సలోమత్ గోడవారగా కూర్చుంది. ముప్పై ఏళ్లు పట్టు ఫ్యాక్టరీలో, మరిగే నీళ్ల తొట్టిలో వేళ్లు ముంచి గూళ్ల నుంచి దారం కొస అందుకున్న మనిషి. ఆ వేళ్ల కొనలు ఉడికి తెల్లగా నున్నగా అయిపోయాయి. పేటలో ఆమెలా సూది పట్టేవాళ్లు లేరు. పదకొండేళ్ల కిందట మొగుడు పోయాక ఒక్క పెళ్లిబొంతా ఆమె చేతికి రాలేదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచారు. ముహయ్యో కెమెరా సర్దుకుంటూ తలెత్తి చూసేసరికి అత్తగారు ఒక్కతే బొంత మీదికి వంగి ఉంది. ఒక మూల కుట్టు వంకర పోయింది. దాన్ని విప్పి, నోట్లో దారం తడిపి, మళ్లీ కుడుతోంది. అది ఎవరినో ధిక్కరించడానికి చేస్తున్న పనిలా లేదు. వంకర చూసి ఊరుకోలేకపోయింది, అంతే. బొంత మీది అత్లస్ పట్టు రంగుల మధ్య ఆ తెల్లటి వేళ్లు. ముహయ్యో నొక్కింది.

బ్లాగులో మిగతా చేతుల ఫోటోలతో పాటు దాన్నీ పెట్టి కింద రాసింది: 'ముప్పై ఏళ్లు మరిగే నీళ్లలో పట్టు తీసిన వేళ్లివి. ఎవరివో చెప్పను. మన కుట్లు వంకర పోతే సరిచేసేది ఇవే.' చెప్పనని రాయడంతో దాచేశాననుకుంది. అక్కడే పొరబడింది. మొహం లేకపోతే మనిషి తెలియదనుకుంది గానీ, మార్గిలాన్‌లో ఆ వేళ్లెవరివో పసిపిల్లలకు కూడా తెలుసు.

మూడో రోజు పొద్దున్నే హోసియత్ వచ్చింది. తలగుడ్డ కూడా సరిగ్గా కట్టుకోలేదు. టీ ఇస్తే ముట్టలేదు.

"వియ్యపురాలు ఫోన్ చేసింది. 'బొంతలు చాలామంది కుట్టినట్టున్నారే' అంది. ఎంత వంకరగా అందో నీకు తెలీదు. నా బిడ్డ పక్క మీద మొగుడు పోయిన చెయ్యి పడిందని రేపు ఏ చిన్న తలనొప్పి వచ్చినా అంటారు. నువ్వు ఆడదానివే కదమ్మా, ఆ మాత్రం తెలీదా?"

"తప్పు నాదే హోసియత్ అక్కా. మీ ఇంటి సంగతి మిమ్మల్ని అడక్కుండా పెట్టాను," అంది ముహయ్యో.

"అయితే తీసెయ్. తీసేసి, అది మీ అత్తగారి చెయ్యి కాదని అక్కడే రాయి. రాయకపోతే పెళ్లికి మీరు రానక్కర్లేదు. కొత్త స్టూడియో వాళ్లని పిలుచుకుంటాం."

ఆమె వెళ్లాక ఇల్హోమ్ అన్నాడు, "రాసెయ్ నోదిరా. రెండు ముక్కలేగా."

"అబద్ధం కదండీ."

"అబద్ధమేంటి, ఇరుగూపొరుగూ మర్యాద. ఉన్న ఒక్క బేరం. నీ ఇష్టం మరి. పోతే కెమెరాలు కొనే మనిషికి ఇవాళే ఫోన్ చేస్తాను."

ముహయ్యో ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంది. ఫోటో తీసెయ్యడం కష్టం కాదు. ఒక్క నొక్కు. ఆ రెండు ముక్కలు రాస్తే కెమెరా ఉంటుంది. పొద్దున్న దేవుడి ముందు పట్టిన చేతులతోనే ఆ అబద్ధం రాయాలి. రాయకపోతే తాను మళ్లీ పొద్దున్న ఊడ్చి, మధ్యాహ్నం పిసికి, సాయంత్రం కడిగే మనిషే. ఆ పనులు తక్కువవని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. కానీ అవి రోజు గడిచేసరికి మాయమైపోతాయి. ఊడ్చిన వాకిట్లో మళ్లీ ఆకులు రాలతాయి, కాల్చిన రొట్టె తినేస్తారు. పద్నాలుగేళ్లలో ఆమె చేసినవాటిలో నిలిచింది ఆ ఫోటోలే. సూది ముట్టకూడదని దేవుడు ఎక్కడన్నా చెప్పాడా? లేక మనుషులే అనుకుని ఆయన మీద పెట్టారా? ఆమె అంత చదువుకోలేదు. అడగడానికి భయమేసింది కూడా. చివరికి, ఆ చెయ్యి ఎవరిదో వాళ్లనే అడగాలనిపించి అత్తగారి గదిలోకి వెళ్లింది.

సలోమత్ అన్నీ వినే ఉంది. "ఏదీ, చూపించు," అంది. ఆ ఫోటోను ఆవిడ అంతవరకూ చూడనేలేదు. ఫోన్‌ను దూరంగా పట్టుకుంది, దగ్గరగా పట్టుకుంది.

"ఫ్యాక్టరీలో ఉత్తమ కార్మికుల పలక మీద నా బొమ్మ ఏడాది పాటు వేలాడదీశారు," అంది చివరికి. "తీసేటప్పుడు ఆ ఫోటో అతను మొహానికి పౌడర్ రాసుకోమన్నాడు. చేతులు వెనక్కి పెట్టుకోమన్నాడు. చూడ్డానికి బాగోవుట." ఫోన్ తిరిగి ఇచ్చేసి మోకాళ్లు పట్టుకుని లేచింది. "నా తలగుడ్డ తే కెలిన్. తెల్లది కాదు, మంచిది."

అత్తాకోడళ్లిద్దరూ వెళ్లేసరికి హోసియత్ ఇంట్లో బొంతలు గోడ పక్కన పేర్చి ఉన్నాయి. సలోమత్ వాటి ముందు కూర్చుంది. "కుట్టాను. నేనే. మా కోడలు అబద్ధం రాయదు, నేను రాయనివ్వను. కావాలంటే విప్పేసుకో."

"ఏ కుట్టో చూపించు సలోమత్ అక్కా, ఇప్పుడే విప్పేస్తాను," అని హోసియత్ కత్తెర తెచ్చింది.

"కళ్లజోడు తేలేదే. నువ్వే వెతుక్కో. వంకర లేనిదంతా నాదే."

తలుపు పక్కన నిలబడ్డ దిల్నవోజ్‌కు నవ్వాగలేదు. హోసియత్ నాలుగు మూలలూ తిప్పి చూసింది, చేత్తో తడిమింది. ఎవరి కుట్టేదో తేలలేదు. కత్తెర ఒళ్లో పెట్టుకుని కూలబడింది. "నవ్వకే పిల్లా. నా భయం నీకేం తెలుసు."

"తెలుసమ్మా హోసియత్," అంది సలోమత్ నెమ్మదిగా. "నేనూ నీలాగే భయపడ్డాను. ఈ పదకొండేళ్లూ నా చెయ్యి మంచిది కాదనే నేనూ నమ్మాను. ఒక్క మాట చెప్పు. దేవుడి మాట మొదటిసారి దిగిన రోజు కొండ మీద నుంచి వణుకుతూ ఇంటికొచ్చి 'నన్ను కప్పండి' అన్నప్పుడు మన ప్రవక్తను కప్పిందెవరు? ఖదీజా తల్లే కదా. మొగుడు పోయాకే కదా ఆ తల్లి ఆయన్ని చేసుకుంది. ఆవిడ కప్పిన దుప్పటికి లేని దోషం నా కుట్టుకెక్కడిది?"

దిల్నవోజ్ వచ్చి తల్లి ఒళ్లోంచి కత్తెర తీసుకుని లోపల పెట్టేసింది. హోసియత్, "వియ్యపురాలితో నేను మాట్లాడలేను. ఆవిడ నోరు నీకు తెలీదు," అంది.

"నా నోరు ఆవిడకు తెలీదు. నెంబరివ్వు," అంది సలోమత్.

తిరిగి వచ్చాక ఇంటి గుమ్మం దగ్గర సలోమత్, "ఇంకోసారి నా చెయ్యి తీసేటప్పుడు చెప్పు. గోళ్లన్నా తీసుకుంటాను," అంది.

ఫోటో ఉండిపోయింది. వియ్యపురాలికి కోపం పూర్తిగా పోలేదని విన్నారు, అయినా పెళ్లి ఆగలేదు, బేరమూ పోలేదు. విచిత్రం ఏమిటంటే, ఆ ఫోటో కింద ఎవరెవరో రాయడం మొదలుపెట్టారు. మా అమ్మ చేతులు ఇలాగే ఉండేవని ఒకామె. నేను మొగుడు పోయినదాన్ని, నా మనవరాలి బొంతలు కుట్టబోతున్నాను, వచ్చి తీస్తారా అని నమంగాన్ నుంచి ఒకామె. మొహాలు పెట్టరట కదా, అయితే మా ఇంటికి రండి అని మరొకామె. ముహయ్యో ఇన్నాళ్లూ అడ్డం అనుకున్నదే ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు గుర్తయింది.

"జనం చూస్తున్నారుగా. పైన మన స్టూడియో పేరు పెట్టు," అన్నాడు ఇల్హోమ్. ఆమె అప్పటిదాకా ఖాళీగా వదిలేసిన చోట 'ముహయ్యో' అని రాసింది. అది పరాయి మనిషి పేరులా కాసేపు కొత్తగా కనిపించింది. అన్నిటికన్నా అడుగున, 'బయటి వాకిలి ఫోటోలకు ఇల్హోమ్‌ను అడగండి' అని చేర్చింది. అది చదివి ఇల్హోమ్ నవ్వాలో కోప్పడాలో తెలియక, రెంటికీ మధ్యన గొంతు సవరించుకున్నాడు. అయినా కారు ఆశ ఆయనకు పోలేదు. కొనే మనిషిని శుక్రవారం నమాజు అయ్యాక రమ్మని చెప్పేశాడు.

బుధవారం నాడు ఫోన్ మోగితే ఆయనే ఎత్తాడు. అవతల ఆడగొంతు, "ముహయ్యో గారిల్లేనా?" అంది.

"నేను వాళ్లాయన్ని. చెప్పండి."

"మీతో కాదండీ. ఆవిడకివ్వండి."

ఇల్హోమ్ ఒక్క క్షణం ఫోన్ వైపు చూసి, పెళ్లాం వైపు చూసి, తెచ్చి ఇచ్చాడు. రిష్తాన్‌లో ఉయ్యాల పండుగట. బిడ్డను మొదటిసారి ఉయ్యాల్లో వేసే ముసలమ్మల చేతులు తీయాలట. రోజు అడిగితే వాళ్లు చెప్పారు. ముహయ్యో విని, "తప్పకుండా వస్తాను," అని పెట్టేసింది.

"ఎప్పుడు?" అన్నాడు ఇల్హోమ్.

"శుక్రవారం. పొద్దున్నే వెళ్తాను."

"శుక్రవారం ఆ మనిషి కెమెరాల కోసం వస్తాడని చెప్పానుగా."

"రానివ్వండి. టీ కాచి ఇచ్చి పంపండి. మీ కెమెరా ఉంచుకుంటారో అమ్ముతారో మీ ఇష్టం," అంది ముహయ్యో, రిష్తాన్ బస్సు వేళలు కాగితం మీద రాసుకుంటూ. "నాది ఇంట్లో ఉండదు."