కూర్చోబెట్టిన మనిషి

"చీటీ తీసుకోమ్మా," అన్నాడు పిల్లప్ప. పొద్దుటి నుంచీ అదే మాట. పిండిమర గడప పక్కన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒళ్ళోని రేకు పెట్టెలోంచి నంబరు చీటీ తీసి వచ్చినవాళ్ళ చేతికివ్వడం, దాని జత చీటీ వాళ్ళ డబ్బాకు అంటించడం, ఇప్పుడు అతని పనల్లా అంతే. చీటీ ఇచ్చాక కుడిచేతి బొటనవేలు చూపుడువేలిని రాస్తూ ఉండేది. మర కింద నుంచి వేడి పిండి చిటికెడు తీసి, మెత్తదనం చూసీ చూసీ అరిగిన వేళ్ళు అవి. పిండి లేకపోయినా అలవాటు పోలేదు.

కె.ఆర్.పురం స్టేషనుకు వెళ్ళే దారిలోని ఆ మర వెంకటేశప్పది. ఆయన పోయాక కొడుకు భరత్ చూసుకుంటున్నాడు. తండ్రి కాలంలో డబ్బాల మీద పేర్లూ లేవు, నంబర్లూ లేవు. ఎవరి డబ్బా ఏదో, ఎవరికి రాగులు సంగటికి బరకగా కావాలో, ఎవరింట్లో పళ్ళు లేని ముసలమ్మ ఉందో, అంతా పిల్లప్ప బుర్రలోనే. పొడుగ్గా, సన్నగా ఉండే మనిషి. చదువు లేదు. కనుబొమల మీద ఎప్పుడూ పిండే. గొప్పవాడేం కాదు. బెంగళూరులో ఇలాంటి మరలు వీధికొకటి, ఇలాంటి మనుషులు మరకొకడు. కానీ ఆ పని అతని బుర్రను రోజూ తోమేది. అరవై దాటినా తళతళలాడుతూ ఉండేది.

పొరపాటు ఒక్కసారే జరిగింది, పోయిన దసరాకు ముందు. చుట్టూ అపార్టుమెంట్లు లేచాక అందరూ ఒకే రకం తెల్ల ప్లాస్టిక్ డబ్బాలు తేవడం మొదలుపెట్టారు. పండగ రద్దీలో సహన ఇంటికి పోవాల్సిన మెంతులు కలిపిన గోధుమపిండి కాత్యాయని ఇంటికి పోయింది. చపాతీలు చేదెక్కాయి. అంతకు మించి కొంపలేం మునగలేదు. కాత్యాయని మాత్రం ఫోన్ చేసి, పాపం పెద్దాయనకు మతిమరుపు మొదలైనట్టుందని జాలిపడింది. ఆ జాలి వీధంతా పాకింది.

అదే నెలలో భరత్ మిరపకాయలు పట్టిన మరలో గుప్పెడు నూకైనా ఆడించి శుభ్రం చెయ్యకుండా ఎవరి బియ్యమో పోసేశాడు. ఆ పిండి తిన్న పసిపిల్ల నోరు మండి గుక్కపట్టి ఏడ్చింది. దానికి హడావిడి అని పేరు. స్కూటర్ తాళమో, షట్టర్ తాళమో, సెల్‌ఫోనో రోజుకొకటి ఎక్కడో మరిచి వస్తాడు. దానికి టెన్షన్ అని పేరు. పాతికేళ్ళవాడు మరిస్తే హడావిడి, అరవై ఐదేళ్ళవాడు మరిస్తే జబ్బు. తప్పుకు కూడా వయసు చూసి పేరు పెట్టే లోకమిది. ఒళ్ళు మండదా మరి?

భరత్ చెడ్డవాడు కాదు, అదే చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి బయటపడొచ్చు. వీడు కుర్చీ కొన్నాడు, జీతం తగ్గించలేదు, సుమ్మనె, ఊరికే అలా కూర్చో మామా అంతా నేను చూసుకుంటానన్నాడు. పేపర్లో గళ్ళ పజిలు కత్తిరించి తెచ్చి, పూర్తిచేస్తే మెదడుకు మంచిదన్నాడు, అక్షరం రాని మనిషితో! వాళ్ళమ్మ పార్వతమ్మ నానబెట్టిన బాదంపప్పులు పంపేది. ఇంట్లో భార్య సొన్నమ్మ, జ్ఞాపకశక్తికి మంచిదని ఎవరో చెబితే ఒందెలగాకు, అదే సరస్వతాకు, పచ్చడి నూరేది. అందరూ మెదడుకు మేత వేసేవాళ్ళే, దాన్ని పనిలోకి దించుదామన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఎద్దును కొట్టంలో కట్టేసి ఎన్ని ఉలవలు పెడితే ఏం లాభం?

అలా కట్టేస్తే ఏమవుతుందో ఆ రోజు తెలిసింది. నుదుట పెద్ద బొట్టు, చంకలో రాగుల డబ్బాతో ఒకావిడ గడప దగ్గరికి వచ్చి, బాగుండావా అన్నా అని పలకరించింది. పిల్లప్ప నోరు తెరిచాడు. పేరు రాలేదు. ముఖం తెలుసు, గొంతు తెలుసు, కొత్త పెళ్ళికూతురిగా ఈ మరకు వచ్చిన రోజు కూడా తెలుసు. పేరు మాత్రం ఎక్కడో అడుగున పడిపోయింది. వాళ్ళన్నదే నిజమేమోనని మొదటిసారి భయపడ్డాడు. నెలల తరబడి తిప్పకుండా వదిలేస్తే ఇనుపమరకే తుప్పు పడుతుంది. కుర్చీ చేసిన నిర్వాకానికి నింద మాత్రం వయసుకు.

మర బెల్టు అరిగిందని భరత్ కొత్తది కొనడానికి బయటికి వెళ్ళాడు. ఇంట్లో చుట్టాలున్నారు, తొందరగా పట్టించమని ఆవిడ బతిమాలింది. పిల్లప్ప రేకు పెట్టె కింద పెట్టి లేచాడు. మోకాళ్ళు పట్టేశాయి, అయినా లేచాడు. స్విచ్చి వేశాడు. రాళ్ళ చప్పుడు కుదిరేదాకా చెవి పెట్టి విని, తొట్టిలో రాగులు పోశాడు. చక్రం బిగించి, మళ్ళీ కాస్త వదిలాడు. కింద రాలిన వేడిపిండి చిటికెడు తీసి వేళ్ళ మధ్య రాశాడు. వాసన ముక్కుకెక్కింది.

"కదిరమ్మా," అని మర రొదలో గట్టిగా పిలిచాడు. "నీకు బరకగా కావల్ల, నీ కోడలికి నున్నగా కావల్ల. ఈసారి ఎవురి మాట నెగ్గింది?"

కదిరమ్మ నవ్వింది. "అది పుట్టింటికి పోయుండాదిలే అన్నా. బరకగానే పట్టు."

పిల్లప్పకు కళ్ళు తడిశాయి. పిండి పడిందన్నట్టు తువాలుతో తుడుచుకున్నాడు. పేరొక్కటే కాదు, తనకు తాను దొరికాడు.

అప్పుడే భరత్ వచ్చాడు. గాభరాపడి స్విచ్చి కట్టేశాడు. బెల్టులో చెయ్యి పడితే ఏం గతి మామా అన్నాడు, ప్రేమగానే. పసివాణ్ణి పొయ్యి దగ్గర నుంచి లాగినట్టు రెండు భుజాలూ పట్టి నడిపించుకెళ్ళి, చీటీల కోసం నిలబడ్డ నలుగురి ముందూ మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్ళో పెట్టె పెట్టాడు. అన్న బాగానే పడతా ఉన్నాడని కదిరమ్మ చెప్పబోయింది. భరత్ ఆమె వైపు తిరిగి, ఊరుకోండి అన్నట్టు మెల్లగా తలాడించాడు. మతిలేనివాళ్ళ ముందు చేసే సైగ అది.

పిల్లప్ప ఆ సైగ చూశాడు.

"భరతూ," అన్నాడు, గొంతు పెంచకుండా. "నా బుర్ర చెడిందని కూర్చోబెట్లేదప్పా నువ్వు. కూర్చోబెట్టి చెడగొడతా ఉండావు."

పెట్టెను కుర్చీలో పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. కోపం తగ్గితే తనే వస్తాడని భరత్ ఆపలేదు.

రాలేదు. ఇంటికి పోయి, రేపు ఇంకో మరలో పని అడుగుతానని సొన్నమ్మతో చెప్పాడు. ఉత్సాహంగానే చెప్పాడు. తెల్లారేసరికి నిద్రలోనే పోయాడు. డాక్టరు గుండెపోటన్నాడు. వీధి మాత్రం, పాపం కొన్నాళ్ళుగా మతి సరిగా లేదు కదా అంది. చచ్చినా వదలరు మనుషులు. భరత్ వచ్చి నిజంగానే ఏడ్చాడు, ఖర్చంతా తనదేనన్నాడు. సొన్నమ్మ అక్కర్లేదంది. ఆ మర గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది.

ఆ చివరి రోజు పొద్దున పిల్లప్ప తమ ఇంటి రాగులు పాత నూనెడబ్బాలో తెచ్చి మర వెనక పెట్టుకున్నాడు. సొంత డబ్బాకు చీటీ అంటించుకోవాలని అతనికి తోచలేదు. దినకర్మలయ్యాక ఒకనాడు మర వెనక ఊడుస్తూ భరత్ దాన్ని చూశాడు. ముందుకు తెచ్చి పెట్టి, వచ్చినవాళ్ళనల్లా మీదేనా అని అడుగుతున్నాడు. అందరూ చూసి కాదంటున్నారు. మూతకు కట్టిన చీరపేలిక మీద రోజూ కాస్త పిండి పడుతూ, ఆ డబ్బా ఇంకా గోడ పక్కనే ఉంది.