పలకొద్దన్న తాయెత్తు

నేను ఒక తాయెత్తుని. చిటికెన వేలంత రాగి గొట్టం, రెండు పక్కలా లక్క మూత, ఒక నల్లతాడు. నవ్వుతున్నారా? నవ్వండి. పగటిపూట అందరూ నవ్వుతారు. దీపాలు పెట్టే వేళకి మీ చెయ్యి తనంతట తనే మెడ దగ్గరికి పోతుందో లేదో, అప్పుడు మాట్లాడుకుందాం.

గోదావరి కాలువల కింద ఒక ఊళ్ళో కంచరి నన్ను చేశాడు. అదే రేకులోంచి ఒక ఉద్ధరిణి కూడా పుట్టింది. అది పూజగదికి పోయింది, నేను భూతవైద్యుడు సింహాద్రి సంచిలోకి పోయాను. నాలో వల్లకాటి బూడిద పోశానని ఆయన అందరికీ చెప్పేవాడు. అంతా అబద్ధం. ఆ పొద్దున వాళ్ళావిడ టీ కాచిన పొయ్యిలోంచి తీసిన బూడిద అది. అయినా నా పనికి లోటు రాలేదు. నేను పనిచేసేది బూడిదతో కాదు, కట్టుకున్నవాళ్ళ భయంతో.

మొదట ఒక తాపీమేస్త్రీ మెడలో ఉన్నాను. ఆయన కొత్త గోడ మీదనుంచి పడి చనిపోయాడు. తాయెత్తు పనిచెయ్యలేదని ఒక్కరంటే ఒక్కరు అనలేదండీ! ఏదో నియమం తప్పి ఉంటాడని పోయినవాణ్ణే తిట్టారు. సింహాద్రి నన్ను చింతపండుతో తోమి, కొత్త తాడు కట్టి, ఒక లారీ డ్రైవరుకి అంటగట్టాడు. నేనున్నాను కదా అని అతను బ్రేకులు చూపించుకోవడం మానేశాడు. లారీ తుక్కయింది. అతను కుంటుకుంటూ వచ్చి నన్ను తిరిగి ఇచ్చిపోయాడు. ఆ తర్వాతే నేను వరాలు మెడలో పడ్డాను.

వరాలు అప్పటికి చిన్నపిల్ల. ఆమె అక్క మంగ ఊరి కాలువలో బట్టలు ఉతుకుతూ జారి మునిగిపోయింది. మునిగేముందు "వరాలూ!" అని కేక పెట్టింది. గట్టు మీద ఆడుకుంటున్న వరాలు, అక్క వేళాకోళం ఆడుతోందనుకుని పలకలేదు. ఆ తర్వాత సందెవేళల్లో వెనకనుంచి ఆ పిలుపు మళ్ళీ మొదలైంది. భ్రమ అనకండి, మెడలో ఉన్న నేనూ విన్నాను. తడిసిన గొంతు. అది వినబడినప్పుడల్లా నా రాగి చల్లబడిపోయేది.

"ఎనకనించి ఎవరు పిలిచినా పలక్కు. తిరిగి సూడకు. పలికావో, నీళ్ళలోకి లాక్కెళ్ళిపోద్ది," అన్నాడు సింహాద్రి, నా తాడు ముడివేస్తూ.

ఆ మాట పట్టుకుని వరాలు వెనకనుంచి ఎవరు పిలిచినా పలకడం మానేసింది. ఉన్న ఊళ్ళోనే పెళ్ళయింది, కూతురు పుట్టింది. ఆ పిల్ల కుమారి, మాటలు వచ్చిన దగ్గర్నుంచీ, అమ్మతో పనుంటే చుట్టూ తిరిగి ముందుకొచ్చి నిలబడేది. చూసినవాళ్ళు అయ్యో అనేవారు. నాకు మాత్రం గర్వంగా ఉండేది, నిజం చెప్పొద్దూ!

ఒకనాడు చీకటి పడుతుండగా పెరట్లో కుమారికి తేలు కుట్టింది. "అమ్మా! అమ్మా!" అని ఒకటే అరుపు. వరాలు పొయ్యి దగ్గర రెండు చెవులూ మూసుకుని కూర్చుంది. అది బిడ్డ గొంతో, నీళ్ళ గొంతో ఆమెకి తెలియలేదు. చివరికి పక్కింటి కరుణమ్మ పరుగున వెళ్ళి పిల్లని ఎత్తుకొచ్చింది.

"కన్నబిడ్డ అంతలా ఏడుత్తుంటే పలకవేటే తల్లీ? నీకేటొచ్చింది?"

పిల్ల బతికింది గానీ, ఆ మాటకి వరాలు కుమిలిపోయింది. ఆదివారం కరుణమ్మ ఆమెని తమ ప్రార్థన మందిరానికి తీసుకుపోయింది. అక్కడి పాస్టరు ఆశీర్వాదం గారు ముసలాయన. దేవుడు మనల్ని పేరు పెట్టి పిలుస్తాడనీ, పలకడమే విశ్వాసమనీ చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వరాలు వెక్కి వెక్కి ఏడ్చింది. వారం వారం వెళ్ళింది, ప్రార్థన నేర్చుకుంది, బాప్తిస్మం తీసుకుంటానంది. తీరా చూస్తే బాప్తిస్మం ఇచ్చేది మంగ మునిగిన కాలువలోనే.

"అయ్యగారూ, ఈ తాడు మీరే కోసెయ్యండి. నాకు చేతులు రావట్లేదండి."

"నేను కొయ్యనమ్మా. నేను కోస్తే రేపు భయమేసి ఇంకోటి కట్టించుకుంటావు. నీ చేత్తో నువ్వే తియ్యాల. తియ్యలేకపోతే దాంతోనే రా. ఆయన నిన్ను పొమ్మనడు."

గడుసువాడు ముసలాయన! వరాలు రెండుసార్లు గట్టుదాకా వచ్చి, నీళ్ళు చూసి, ఇంటికి పారిపోయింది.

మూడోసారి దిగింది. తెల్లవారింది గానీ మంచు విడలేదు. తెల్లచీర కట్టుకుని నడుములోతు నీళ్ళలో పాస్టరుగారి పక్కన నిలబడింది. గట్టు మీద సంఘమంతా పాట పాడుతోంది. అప్పుడు వచ్చింది పిలుపు, ఎన్నడూ లేనంత దగ్గరగా.

"వరాలూ..."

పాడేవాళ్ళెవరూ వినలేదు. ఆమె వీపు వెనక నీళ్ళు మెల్లగా సుడి తిరుగుతున్నాయి. పలక్కు, పలక్కు అంటూ నేను చేతనైనంతగా మెడకి బిగుసుకున్నాను. ఆమె యేసయ్యా అనబోయి సగంలో ఆగిపోయింది. రెండోసారి పూర్తిగా అంది. నన్ను పిడికిట పట్టుకుని ఒక్క లాగు లాగింది. తాడు తెగింది.

వెనక్కి తిరిగింది. "ఆఁ, అక్కా! ఇక్కడే ఉన్నాను."

మంచు తప్ప ఏమీ లేదు. "ఆవేళ నువ్వు పిలిత్తే పలకలేదక్కా. ఆటలాడతన్నావనుకున్నాను. నన్ను చమించు. నేనిప్పుడు యేసయ్యకి పలికాను. నీతో రాలేను. నువ్విక పడుకో అక్కా."

సుడి నెమ్మదిగా సర్దుకుంది. ఆమెని ఎవరూ లాక్కుపోలేదు. పాపం, ఆ మంగకి కావలసింది ఒక్క జవాబే కాబోలు! ఇన్నేళ్ళూ నేను అడ్డుపడింది దానికే.

"ఎవరితోనమ్మా మాటలు?" అన్నారు పాస్టరుగారు.

"మా అక్కతోనండి."

ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి నీళ్ళలో ముంచారు. ఆ మునకలో పిడికిలి విడిపోయింది. ఆమె పైకి లేచింది, నేను అడుక్కి దిగాను. దిగుతుండగా, గట్టు మీద ఎక్కడో వెనకనుంచి కుమారి గొంతు వినిపించింది. సంబరంలో ముందుకు రావడం మరిచిపోయినట్టుంది.

"అమ్మా!"

"ఏటే నా తల్లీ! వచ్చేత్తన్నా!"

ఇప్పుడు నేను బురదలో ఉన్నాను. లక్క ఊడి బూడిద కొట్టుకుపోయింది. మంగ గొంతు కూడా వినబడడం లేదు. నిజంగానే పడుకుంది. ఎవరికీ పలకొద్దని ఇన్నేళ్ళు నేర్పినదాన్ని, పొద్దు గూకితే చాలు, నాకే భయమేస్తోంది. ఎవరైనా నన్ను పేరు పెట్టి ఒక్కసారి పిలిస్తే వెంటనే పలుకుదును. నాకేమో ఎవరూ పేరే పెట్టలేదు.