బకెట్లో పాఠం

మా ఆయన పాఠాలు రికార్డు చేసేది మా పడకగదిలో, దుప్పటి ముసుగేసుకుని. మా ఊరు జోంబాలో తెల్లవారుజామున తప్ప నిశ్శబ్దం దొరకదు. మినీబస్సుల హారన్లు మొదలుకాకముందే లేచి, దుప్పటి కప్పుకుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, చిన్నపిల్లలకు కూడికలు ఎలా నేర్పాలో చెప్పేవారు. ఆ కాసేపూ కిటికీ దగ్గరికి కోళ్ళు రాకుండా చూడడం నా పని. ఎంత తరిమినా మా ఎర్రపుంజు మాత్రం సరిగ్గా ఆయన ముఖ్యమైన మాట చెప్పేటప్పుడే కూసేది. ఆయన దుప్పట్లోంచి తల బయటపెట్టి, "యాంఖో అమ్మా, ఈ ఆదివారం దీన్ని కూర చేసెయ్" అనేవారు. మా బిడ్డ యాంఖో పేరుతోనే ఆయన నన్ను పిలుస్తారు. ఆదివారం వచ్చేసరికి కూర మాట ఆయనే మరిచిపోయేవారు.

ఆయన పేరు లింబాని చిరాంబో. విశ్వవిద్యాలయంలో టీచర్లకు పాఠం చెబుతారు. ఆయన విద్యార్థులంతా పల్లెబడుల్లో పనిచేస్తూ, దూరవిద్యలో డిప్లొమా చదివేవాళ్ళు. ఇంటర్నెట్ కొనుక్కునే స్తోమత లేనివాళ్ళు. వాళ్ళ కోసం ఆయన ఒక ఉపాయం ఆలోచించారు. విద్యార్థి ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే చాలు, విశ్వవిద్యాలయంలోని యంత్రమే తిరిగి ఫోను చేసి పాఠం వినిపిస్తుంది. మా మలావీలో మిస్డ్ కాల్ ఇవ్వడం రానివాళ్ళు ఎవరున్నారు? కొత్త సాంకేతిక పద్ధతుల్లో చదువు చెప్పేవాళ్ళకు విశ్వవిద్యాలయం గ్రాంటు ఇస్తోందంటే ఈ ఉపాయమే రాసి పంపారు. గ్రాంటు వచ్చింది. ఆ ఆదివారం నేను చర్చిలో లేచి నిలబడి అందరి ముందూ దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను.

గ్రాంటుకు ఒక షరతు ఉంది. ఏడాది తిరిగేసరికి విద్యార్థుల్లో సగం మందైనా పాఠాలు వింటూ ఉండాలి. లేకపోతే రెండో విడత రాదు. అది రాకపోతే యంత్రం ఫోన్లు చేయడం మానేస్తుంది, పాఠాలు ఆగిపోతాయి. ఎంతమంది విన్నారో యంత్రమే లెక్క కడుతుంది. ఏడాది చివరికొచ్చింది. సగం కాదు కదా, దాని దరిదాపుల్లో కూడా లేరు.

ఆయనతో పనిచేసే కచాలే గారు ఒక సాయంత్రం మా గేటు దగ్గర ఆగి నవ్వారు. "ఏం లింబానీ, నీ పాఠం మీ కోడి తప్ప ఇంకెవరూ వినట్లేదటగా!"

మా ఆయన కూడా నవ్వారు. లోపలికొచ్చాక మొక్కజొన్న పిండితో వండిన న్‌సిమా ముద్ద చేత్తో పిసుకుతూ కూర్చున్నారు గానీ నోట్లో పెట్టుకోలేదు.

"వాళ్ళకి అక్కర్లేదేమో, యాంఖో అమ్మా. నేనే అవసరం అనుకున్నానేమో."

ఆ పూట నుంచి ప్రార్థనలో యంత్రంలో అంకె పెరగాలని అడగడం మొదలుపెట్టాను. అడిగినప్పుడల్లా ఒక సందేహం. రోగం తగ్గాలని అడగవచ్చు, వాన పడాలని అడగవచ్చు. అంకెలు పెరగాలని దేవుణ్ణి అడగవచ్చా? పాస్టరు గారిని అడుగుదామనుకున్నాను గానీ నవ్వుతారేమోనని ఊరుకున్నాను.

రెండో విడత ఇవ్వాలో వద్దో తేల్చే కమిటీ కూర్చునేది శుక్రవారం. దానికి ముందు శనివారం మా చర్చి మహిళా సంఘమంతా తెల్ల జాకెట్లు వేసుకుని చిల్వా సరస్సు ఒడ్డున ఉన్న కచూలుకు వెళ్ళాం. అక్కడి సంఘం మాకు భోజనం పెట్టింది. అందరూ తింటూ పాటలు పాడుతుంటే నేను చేతులు కడుక్కుందామని చర్చి వెనక్కి వెళ్ళాను.

అక్కడ మా ఆయన మాట్లాడుతున్నారు.

గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. "పిల్లవాడికి అంకె చూపించకముందు వస్తువు చూపించండి..." అంటుండగా కొక్కొరోకో అని మా పుంజు.

"అదిగో, మాస్టారి పుంజు!" అని ఎవరో అరిచారు. అందరూ గొల్లుమన్నారు.

"ఇంకా కొయ్యలేదా దాన్ని? వాళ్ళావిడకి జాలి ఎక్కువేమో."

"జాలి కాదే, బద్ధకం. ఈకలు పీకాలిగా మరి!"

గోడ మలుపు తిరిగి చూశాను. వెనక వరండా నిండా మనుషులు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, చంకల్లో పిల్లలు, ఒళ్ళో పలకలు, నోటుపుస్తకాలు. మధ్యలో ఒక ఖాళీ ప్లాస్టిక్ బకెట్. దాని అడుగున ఒక ఫోను పడుకోబెట్టి ఉంది. శబ్దం పెద్దగా రావడానికి.

పలక పట్టుకున్నామె నన్ను చూసింది. "ఎవరమ్మా మీరు? మీవాళ్ళంతా భోజనాల దగ్గరున్నారు కదా."

"నేనే ఆ బద్ధకస్తురాలిని" అన్నాను.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పలక పట్టుకున్నామె ఆ పలకే ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆమెనే ఫైనెసి అంటారట, అక్కడి బడిలో ఒకటో తరగతి పంతులమ్మ. "అయ్యో అమ్మా! మాస్టారితో చెప్పకండమ్మా!" అంటూ నాకు చాప పరిచింది. మిగతావాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. నేను కూడా.

పాఠం అయ్యాక అడిగాను. "ఫైనెసీ, మీకెవరికీ ఫోన్లు లేవా? అందరూ ఒక్కదాని చుట్టూ చేరారేం?"

"ఎందుకు లేవమ్మా, దాదాపు అందరికీ ఉన్నాయి. కానీ ఎవరికి వాళ్ళం చెవికి ఆనించుకుని ఎలా వింటాం? పక్కన మనుషులుండగా తలుపేసుకుని అన్నం తిన్నట్టు ఉండదూ?"

వైసన్ అనే పెద్దాయన, తల నెరిసినా ఇంకా డిప్లొమా చదువుతున్నవాడు, అందుకున్నాడు. "పైగా ఒక్కణ్ణే వింటే అర్థం కాలేదని ఎవరితో పోట్లాడాలమ్మా? ఇక్కడైతే ఫైనెసితో పోట్లాడొచ్చు."

"గెలిచింది ఎప్పుడని?" అంది ఫైనెసి.

నేను ఆ బకెట్ వైపే చూస్తూ ఉండిపోయాను. ఒక్క ఫోను మోగింది, యంత్రం ఒక్కరు విన్నారని వేసుకుంది. ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఎవరికీ ఇది తట్టలేదు. మేమూ ఇక్కడే పుట్టినవాళ్ళం. మా ఇంట్లో మాత్రం ఎవరైనా ఒంటరిగా కూర్చుని అన్నం తింటారా?

ఆ రాత్రి అక్కడే ఉండి, ఆదివారం ఇంటికి రాగానే ఆయనకు చెప్పాను. ఆయన వెంటనే సంతోషించలేదు.

"ఒక్క వరండా చూసొచ్చి చెబుతున్నావు."

"మిగతా వరండాలు మీరు చూశారా?"

"చూడలేదు. కానీ కమిటీకి వరండాలు చూపించలేను కదా. వాళ్ళు అంకె అడుగుతారు. మా ఆవిడ చూసొచ్చిందండీ అని చెప్పమంటావా?"

ఆ మాటా నిజమే. ఇద్దరం టీ తాగాం. కప్పు కింద పెట్టి ఆయన అన్నారు, "యంత్రం పాఠం వినిపించడమే కాదు, అవతలివాళ్ళు మాట్లాడితే దాచిపెట్టగలదు కూడా. నేనెప్పుడూ వాళ్ళని మాట్లాడమనలేదు."

సోమవారం తెల్లవారుజామున మళ్ళీ దుప్పటి కప్పుకున్నారు. నేను కర్ర తీసుకుని కోళ్ళ వైపు వెళ్ళబోతుంటే దుప్పట్లోంచి చెయ్యి బయటికొచ్చింది.

"వద్దులే, తరమకు. అది కూయకపోతే నేను కాదనుకుంటారు."

పాఠం చివర ఇలా చెప్పారు. "ఇప్పుడు మీ దగ్గర కూర్చుని ఎవరెవరు విన్నారో ఒకరి తర్వాత ఒకరు పేరు, మీ బడి పేరు చెప్పండి. నేను వింటాను."

బుధవారం సాయంత్రం ఆయన కంప్యూటరు ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టారు. నేను బీన్సు ఏరుతూ పక్కన కూర్చున్నాను. మొదటి ఫోనులో చాలాసేపు ఉత్త గాలి హోరు. మా ఆయన వేలు బల్ల అంచు మీద కొట్టుకుంటోంది. అప్పుడు ఒక ఆడగొంతు దగ్గింది.

"నేను తెరెజా అండి, కొండ మీది బడి." ఆమె వెనక ఇంకో గొంతు. ఆ వెనక ఇంకోటి. పేర్లు ఒకదాని మీదొకటి పడుతున్నాయి. "తోసుకోకండర్రా, అందరిదీ వస్తుంది" అని ఎవరో కసురుకుంటున్నారు. రెండో ఫోనులో సైకిల్ గంట, మేకలు, పేర్లు. ఆ తర్వాత ఫోనులో ఒకాయన తన పేరు చెప్పి, "సార్, పుంజు క్షేమమేనా?" అని అడిగాడు. మా ఆయన కంప్యూటరుకే జవాబు చెప్పారు, "క్షేమమేనయ్యా."

ఆ తర్వాత కచూలు బకెట్. వైసన్ చెప్పాడు, అందరూ చెప్పారు. చివర ఫైనెసి.

"నేను ఫైనెసినండి. మా అత్తగారు కూడా రోజూ వింటుందండి. ఆవిడ విద్యార్థి కాదు, చదువుకోలేదు. వద్దన్నా వినట్లేదు, తన పేరు కూడా చెబుతానంటోంది. అత్తయ్యా, ఇందులోకి మాట్లాడు... దగ్గరగా... బకెట్లోకి!"

"నాజేరె!" అని ఒక ముసలి గొంతు బకెట్ అదిరేలా అరిచింది. "మా ఒకటో తరగతి నేనే చూసుకోగలనని చెప్పు ఆ అబ్బాయితో!"

మా ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. భుజాలు కదులుతుంటే నవ్వుతున్నారనుకున్నాను. చేతులు తీశాక చూస్తే కళ్ళు తడిగా ఉన్నాయి. "పెట్టు యాంఖో అమ్మా, ఏదైనా పెట్టు. ఆకలేస్తోంది" అన్నారు. మిగిలిన పేర్లు వింటూ రెండుసార్లు న్‌సిమా అడిగి వడ్డించుకున్నారు.

అయినా శుక్రవారం నాకు ఏ పనిమీదా చెయ్యి ఆడలేదు. పేర్లు విని, మాకు కావలసింది పేర్లు కాదు, షరతు షరతే అంటే? మధ్యాహ్నం దాటాక వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. దూరంగా ఆయన వస్తూ కనిపించారు. కోటు తీసి భుజాన వేసుకున్నారు. ఆయన కోటు అలా వేసుకోవడం మా పెళ్ళైన కొత్తలో చూశాను, మళ్ళీ ఇప్పుడే. నేను మెట్టు మీద కూర్చుండిపోయాను.

"ఇచ్చారు" అన్నారు గేటు తీయకముందే. "కూర్చున్నావేం? ఇచ్చారు!"

కమిటీ పెద్ద ప్రొఫెసర్ ముంథాలి గారట, అరుదుగా నవ్వే ఆవిడ. అంకె చూసి మొదట తల అడ్డంగా ఊపారట. అప్పుడు ఈయన పేర్లు వినిపించారట. నాజేరె అరుపు దగ్గర ఆవిడ చెయ్యెత్తి, "అది మళ్ళీ వెయ్యండి" అన్నారట.

"ఎందుకట?"

"మొదటిసారి నవ్వారు. రెండోసారి చిన్నప్పుడు వాళ్ళ వాకిట్లో ఊరంతా చేరి రేడియో వినేవారని చెప్పారు. ఇకనుంచి ఫోన్లు కాదు, పేర్లే లెక్కపెట్టమన్నారు. రెండో విడత వచ్చే నెల."

"కచాలే గారు ఏమన్నారు?"

"బకెట్లకి కూడా గ్రాంటు అడగాల్సింది అన్నాడు." అని ఆయన గట్టిగా నవ్వారు. పుంజు వాకిట్లో తిరుగుతోంది. ఇద్దరం దాన్ని చూశాం. ఈసారి కూర మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ రాత్రి ప్రార్థనకు కూర్చుంటే ఏమని చెప్పాలో నాకు తోచలేదు. నేను అడిగిన అంకె పెరిగిందో లేదో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. అడగడం తప్పో ఒప్పో కూడా తెలియదు. అందుకని విన్న పేర్లు గుర్తొచ్చినంతవరకు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాను. తెరెజా, వైసన్, ఫైనెసి. మధ్యలో చాలా మరిచిపోయాను. దేవుడికి గుర్తుంటాయిలే అనుకుని, చివర నాజేరె పేరు కొంచెం గట్టిగా చెప్పి, ఆమెన్ అన్నాను.