దిగని పడుగు

"కండెలు ఒడిసినయే సరోజనా! చేతులు పడిపోయినయా?" మగ్గం గుంటలోంచి మొగుడు మార్కండేయులు కేకేశాడు.

సరోజన రాట్నం తిప్పి కండెకు నూలు చుట్టసాగింది. నేతగాళ్ల వాడ కాశిబుగ్గలో ఏ ఇంట చూసినా ఇదే బాగోతం. నేసినవాడు నేతగాడు, పొద్దంతా కండెలు చుట్టే ఆడది మాత్రం ఇంట్లో ఊరికే కూర్చున్నట్టు. ఒళ్లో స్వరూప నిద్రపోతోంది. రెండేళ్ల పిల్ల. ఎడమ కంటి మీద దూది కట్టు. కట్టు కింద కన్ను లేదు.

దీపం వెలుగులో ఆ కంట్లో తెల్లటి మెరుపు మొదట చూసింది సరోజనే. "పిల్లి కన్ను, అదృష్టమే" అని అత్త పోశవ్వ మురిసిపోయింది. దవాఖానకు పోదామంటే, "మగ్గం మీద పడుగుంది, దిగనీ" అన్నాడు మార్కండేయులు. మగ్గానికి ఎక్కించిన పడుగు దారాలు నేసి దించేదాకా ఇల్లు కదలకూడదు, నడుమ కోస్తే ఇంటికి అరిష్టమని వీళ్ల పట్టింపు. ఆ పడుగు దిగింది, వెంటనే ఇంకొకటి ఎక్కింది. అదీ దిగాక దవాఖానకు పోతే, ఏముంది, కన్ను తీసేశారు.

నిన్న హైదరాబాదులో డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. "తీసిన కన్ను పరీక్ష చేశామమ్మా. కంట్లోది క్యాన్సర్ గడ్డ. అందులో కణాలు ఎంత జోరుగా పెరుగుతున్నాయో రంగు వేసి చూశాం. చాలా జోరు మీదున్నాయి. కంటి నరంలోకి పాకాయి. వెంటనే చేర్పించండి, మందు ఎక్కించాలి."

"బతుకుతదా మేడం?"

"మందు పడితే ఆశ ఉంది. ఆగితే లేదు."

సరోజనకు ఏడుపు రాలేదు. బస్సులోనూ రాలేదు. ఎవరి పిల్ల గురించో విన్నట్టుంది. ఇంటికొచ్చి అంట్లు తోమింది, పొయ్యి అంటించింది, తెల్లారి రాట్నం ముందు కూర్చుంది.

"ఇయ్యాల్నే పోవాలె" అంది.

"ఈ పడుగు జర దిగనియ్యే. కన్ను తీసిండ్రు కదా, ఇంకేం ఫికర్?"

"కడుపుతోని గ్రహణం చూసింది నువ్వు, సతాయించేది నా కొడుకునా?" అంది పోశవ్వ.

మార్కండేయులు తిండికి లేచాడు. సరోజన అన్నం పెట్టింది, పప్పు పోసింది. పిల్లను చంకనేసుకుని, కత్తెర పట్టుకుని మగ్గం దగ్గరికి పోయింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా పడుగంతా కోసేసింది.

"అయ్యో, కొంప ముంచెనే!" పోశవ్వ గుండెలు బాదుకుంది. మార్కండేయులు ఎంగిలి చేత్తోనే వచ్చి నిలబడిపోయాడు.

"పడుగు దిగింది" అంది సరోజన. "నువ్వొస్తే రా. నేను పోతాన."