ఈ ముఖం పనికిరాదట

ఆ కంటి ఆసుపత్రిలో అడుగుపెట్టిన వాళ్ళకు మొదట ఎదురయ్యేది టోకెన్ల కౌంటరు. దాని వెనక పద్నాలుగేళ్ళుగా ఒకే మనిషి కూర్చుంటోంది. అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది గాని, పెద్ద డాక్టరు మొదలుకొని ఊడ్చే మనిషి దాకా అందరూ ఆమెను టోకెనక్క అనే పిలిచేవారు. చుక్కల మందు వేయించుకుని కళ్ళు మూసుకుని కూర్చున్న ముసలివాళ్ళు ఆమెను గొంతు విని గుర్తుపట్టేవారు. "తాతా, నీ నంబరుకి ఇంకా ముగ్గురున్నారు. లేవకు, నేనే వచ్చి తీసుకెళ్తా" అనేది. అన్నట్టే వచ్చి చెయ్యి పట్టుకుని నడిపించేది. ఆపరేషనంటే భయపడి గేటు దాకా వెళ్ళిపోయిన వాళ్ళను నవ్వించి వెనక్కి తీసుకొచ్చిన రోజులు ఎన్నో.

ఆమె నల్లని మనిషి. ఆ సంగతి ఆమె పట్టించుకున్నట్టు ఎవరికీ కనిపించేది కాదు. పొద్దున్నే స్నానం చేసి, తల బిగించి దువ్వుకుని, ఏడున్నర బస్సు ఎక్కేది. అంతకు మించిన అలంకారం ఆమెకు తెలియదు.

కొత్త మేనేజరు వచ్చాక ఆ కౌంటరుకు అద్దాలు బిగించారు, పైన తెల్లటి దీపాలు వేశారు. అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఆ తరువాత ఒక సోమవారం నోటీసు బోర్డు మీద ఒక కాగితం వెలిసింది. కౌంటర్లలో కూర్చునే మహిళా ఉద్యోగులు ఇకమీదట ముఖానికి మేకప్, కళ్ళకు కాటుక, పెదవులకు రంగు వేసుకుని రావాలి. వారం రోజుల గడువు. పాటించని వారిని లోపలి విభాగాలకు మారుస్తారు. "మహిళా ఉద్యోగులు" అని స్పష్టంగా రాసి ఉంది. పక్క కౌంటరులో మూడు రోజుల గడ్డంతో, జేబు మీద సిరా మరకతో కూర్చునే క్యాషియరు గురించి అందులో ఒక్క అక్షరం లేదు. చదివేవారు ఈ సంగతిని కాస్త గుర్తుంచుకోవాలి.

"అక్కా, మీరు ఏమీ అనుకోవద్దు" అన్నాడు మేనేజరు, ఆమెను గదిలోకి పిలిచి. "పేషెంటు లోపలికి రాగానే మొదట చూసేది మీ ముఖం. కాస్త ఫ్రెష్‌గా ఉండాలి కదా!"

"సార్, మన దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందికి చూపు ఆనదు."

మేనేజరు నవ్వలేదు. "వాళ్ళ వెంట వచ్చేవాళ్ళకి ఆనుతుంది" అన్నాడు.

లోపలి విభాగం అంటే పాత ఫైళ్ళు పెట్టే గది. నేలకింద ఉంటుంది. కిటికీ ఉండదు, పలకరించే మనిషి ఉండడు. మనుషుల మధ్య పని చేయడమే ప్రాణంగా బతికే ఆమెకు ఆ గది జైలుతో సమానం. ఆ సాయంత్రమే ఆమె బజారులో బస్సు దిగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మేకప్ సామాను అమ్మే దుకాణంలోకి వెళ్ళింది.

అక్కడ సామాను అమ్మే అమ్మాయి ఆమె మణికట్టు మీద ఫౌండేషన్ చుక్కలు వరుసగా పెట్టింది. పాల రంగు, గులాబీ రంగు, గోధుమ రంగు, తేనె రంగు. తేనె రంగు దగ్గర వరుస ఆగిపోయింది. ఆ చుక్కలన్నీ ఆమె చేతి మీద నల్లబల్ల మీది సుద్దముక్క గీతల్లా తెల్లగా కనిపించాయి.

"దీని తర్వాతది ఇవ్వమ్మా" అంది టోకెనక్క.

"దీని తర్వాత రాదు మేడమ్. ఉన్నవాటిలో ముదురు ఇదే. ఇది వేసుకుంటే రెండు షేడ్లు తెల్లగా కనిపిస్తారు."

"తెల్లగా కనిపించాలని అడగలేదమ్మా. నాలాగే కనిపించాలని అడిగాను."

ఆ అమ్మాయి ముఖమంతా మందంగా పూత ఉంది. చెవి వెనక మాత్రం అసలు రంగు కనిపిస్తోంది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మాకూ ఇక్కడ రూలే మేడమ్" అంది.

ఆదివారం ఇంట్లో అద్దం ముందు, కొనుక్కొచ్చిన ఆ తేనె రంగు సీసాతో ప్రయోగం మొదలైంది. పన్నెండేళ్ళ కూతురు ఫోనులో వీడియో పెట్టి పట్టుకుంది. వీడియోలో పిల్ల ఒక్క చుక్క చాలంది. ఈమెకు నాలుగు పడ్డాయి. స్పాంజితో అద్దబోతే నుదుటి మీద చారలు తేలాయి. కుడి కంటికి గీసిన గీత కాస్త పైకి పోయిందని ఎడమ కంటికి పెంచింది. ఎడమది మరీ పెరిగిందని కుడిదానికి ఇంకాస్త చేర్చింది. అలా సరిచేస్తూ సరిచేస్తూ ఉంటే రెండు గీతలూ కణతల దాకా ప్రయాణం చేశాయి. కనురెప్పలకు మస్కారా పెట్టుకుని, అది ఆరేలోపు తుమ్మింది. కళ్ళ కింద నల్ల చుక్కల ముగ్గు తేలింది. లిప్‌స్టిక్ పెదవుల కన్నా పళ్ళకే ఎక్కువ అంటింది.

కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె కూడా నవ్వింది. గుమ్మంలోకి వచ్చిన అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చూసింది. ఆవిడ కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరైన మనిషి. నాలుక పదునైనది.

"ఏమ్మాయ్, గోడకు సున్నం కొట్టినవాడు మెడ దగ్గరకొచ్చేసరికి అలిసిపోయి ఇంటికెళ్ళిపోయాడా?"

"వాడికి చాలినంత సున్నం దొరకలేదు అత్తయ్యా. మన రంగుది తయారు చెయ్యరట."

ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి.

గడువు రోజున ఆమె అలాగే, వీలైనంత సరిచేసుకుని, డ్యూటీకి వెళ్ళింది. బస్సులో చెమట పట్టి ముఖం అట్టలు కట్టింది. తుడిస్తే రుమాలుకు సగం ముఖం వచ్చేసింది. పన్నెండు గంటలకు పాత పేషెంటు ఒకాయన, వయసు మళ్ళిన దర్జీ, కౌంటరు ముందు నిలబడి అద్దంలోంచి తేరిపార చూశాడు.

"టోకెనక్క ఇవాళ రాలేదా అమ్మా?" అన్నాడు.

ఆయన వేళాకోళం ఆడలేదు. ఆపరేషను చేసిన కంటితో శుభ్రంగా చూసి, నిజంగా గుర్తుపట్టక అడిగాడు. "నేనే అన్నా" అని ఆమె టోకెను ఆయన చేతిలో పెట్టింది.

మేనేజరు మాత్రం అటుగా వెళ్తూ ఆగి, "పర్వాలేదు అక్కా. ఇంకాస్త తేలాలి" అన్నాడు.

తేలడమంటే ఏమిటో ఆమెకు విప్పి చెప్పనక్కర లేకపోయింది. వీధి మలుపులో ఉన్న పార్లరావిడ ఆమె గోడు విని ఒక చిన్న గుండ్రటి డబ్బా చేతిలో పెట్టింది. దాని మీద అక్షరం ముక్క లేదు. "అంతా మూలికలే అక్కా. పడుకునే ముందు రాసుకో. పదిహేను రోజుల్లో నిన్ను నువ్వే గుర్తుపట్టవు" అంది.

పార్లరావిడ చెప్పినట్టే జరిగింది. పది రోజులకే ముఖం నిగనిగలాడింది. రంగు తేలింది. బస్సు కండక్టరు కూడా "ఏంటి మేడమ్, ఈమధ్య కళగా ఉన్నారు!" అన్నాడు. మేనేజరు "ఇప్పుడు బాగుంది" అన్నాడు. ఇక్కడ నిజం దాచకూడదు. ఆమెకు ఆ మాటలు తియ్యగానే ఉన్నాయి. పద్నాలుగేళ్ళలో ఎంతమంది గుడ్డివాళ్ళను చెయ్యి పట్టి నడిపించినా దొరకని మెచ్చుకోలు, ఒక పేరులేని డబ్బాతో పది రోజుల్లో దొరికింది. ఆమెను ఎందుకు తప్పుపట్టాలి? తప్పు పట్టవలసింది అలాంటి మెచ్చుకోలును.

నాలుగో వారంలో చెంపలు మండడం మొదలైంది. ఎండ తగిలితే నిప్పు సెగ తగిలినట్టుండేది. ఎర్రటి దద్దుర్లు లేచాయి, చర్మం ఉల్లిపొరలా పలచబడింది. ఒక రోజు డబ్బా మానేసి చూస్తే తెల్లారేసరికి ముఖం వాచింది. అప్పుడు చర్మం డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

డాక్టరు డబ్బా తిప్పి తిప్పి చూశాడు. "దీంట్లో ఏమేం కలిపారో ఎక్కడైనా రాసుందా?"

"లేదండీ. మూలికలన్నారు."

"మూలికలు పది రోజుల్లో రంగు మార్చవమ్మా. పరీక్షకు పంపిస్తాను గాని, లక్షణాలు చూస్తే స్టెరాయిడ్ కలిపినట్టే ఉంది. డాక్టరు చూసి, లెక్క ప్రకారం, కొద్ది రోజులే వాడవలసిన మందు అది. తలనొప్పి మాత్ర కొంటే తారీఖు చూస్తారు. రోజూ ముఖానికి పులుముకునేదాని మీద పేరైనా చూడరా?" అని కసిరి, ఆమె తల దించుకోవడం చూసి మెత్తబడ్డాడు. "మిమ్మల్ని అని ఏం లాభం? ఈ నెలలో ఇలా వచ్చినవాళ్ళలో మీరు పన్నెండోవారు. ఒక్కసారిగా మానితే ఇంకా భగ్గుమంటుంది. నేను రాసిచ్చే మందుతో నెమ్మదిగా తగ్గిద్దాం."

మర్నాడు ఆమె ఏ పూతా లేకుండా, ఎర్రబడిన ముఖంతో కౌంటరు దగ్గరికి వెళ్ళింది. మేనేజరు ఒక్క క్షణం చూసి, చూపు తిప్పుకున్నాడు.

"ఈ ముఖంతో ఇక్కడ కుదరదు అక్కా. తగ్గేదాకా కింద ఫైళ్ళు చూడండి."

ఆమె కిందికి వెళ్ళింది. తొమ్మిది రోజులు ఆ కిటికీ లేని గదిలో కూర్చుని పాత ఫైళ్ళు సర్దింది. పైన జనం అలికిడి వినిపిస్తూనే ఉండేది.

పదో రోజు సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి కూతురు అద్దం ముందు నిలబడి ఉంది. చేతిలో అలాంటిదే గుండ్రటి డబ్బా. అమ్మ డాక్టరుకిచ్చింది కాదు, కొత్తది. పార్లరావిడే ఇచ్చిందట. నాలుగు రోజులుగా రాస్తోందట.

"నా ముఖం చూశావు కదే! చూసి కూడా ఎలా రాశావు?" అంది టోకెనక్క.

"నువ్వు ఎక్కువ రాశావు, అందుకే అలా అయింది. నేను కొంచెమే రాస్తున్నా." పిల్ల కళ్ళనిండా నీళ్ళు. "అప్పుడు అందరూ నిన్ను బాగున్నావన్నారు కదమ్మా. అంతకుముందు ఎవరైనా అన్నారా?"

కుర్చీలో కూర్చున్న అత్తగారు లేచి వచ్చి, మనవరాలి చేతిలోంచి డబ్బా తీసుకుంది.

"ముప్ఫై ఏళ్ళు కాన్పుల వార్డులో చేశానమ్మాయ్" అంది. "తలుపు తీసుకుని బయటికి రాగానే ఆడా మగా అని అడిగేవాళ్ళు. ఆ తర్వాత రంగెలా ఉందని. ఊపిరి బాగా ఆడుతోందా, తల్లి ఎలా ఉందీ అని అడిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్క. నేనూ 'పర్లేదు, చామనఛాయే, పెరిగితే తేలుతుంది' అని సర్దిచెప్పేదాన్ని. 'గంట క్రితం పుట్టిన బిడ్డ రంగుతో మీకేం పని' అని ఒక్కరినీ అడగలేదు. పైగా నువ్వీ ఇంటికొచ్చిన కొత్తలో నేనే అన్నాను, పిల్ల బంగారం గాని కాస్త రంగు తక్కువ అని. నీకు గుర్తుందా?"

"గుర్తుంది అత్తయ్యా."

ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆమె ఆ మాట ఎత్తలేదు. అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. "నేను అడగాల్సినచోట అడగలేదు. నువ్వైనా అడుగు" అంది.

ఆ నెల సిబ్బంది సమావేశం మేడ మీద హాల్లో జరిగింది. పెద్ద డాక్టరమ్మ ముందు వరుసలో కూర్చుంది. ఆసుపత్రి పేరుప్రతిష్ఠల గురించి మేనేజరు అరగంట మాట్లాడి, "ఎవరైనా ఏమైనా చెప్పాలా?" అన్నాడు. ఎప్పుడూ ఎవరూ ఏమీ చెప్పరు. ఆ రోజు టోకెనక్క లేచింది. ముఖం మీద ఎర్రమచ్చలు అలాగే ఉన్నాయి.

"సార్, ఆపరేషనుకు ముందు పేషెంట్లకి మనం ఒక కాగితం ఇస్తాం. అందులో ఐదో మాట ఏంటో తెలుసా మీకు?"

మేనేజరుకు తెలియదు.

"ముఖానికి పౌడరు, క్రీము, కంటికి కాటుక ఏదీ పెట్టుకోకుండా రావాలి. రోజూ అందరికీ చదివి చెప్తాను. కళ్ళనిండా కాటుకతో చదువుతుంటే ఒక పెద్దావిడ అడిగింది, 'మా కంటికి వద్దన్నది మీ కంటికెందుకమ్మా' అని. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుందా?"

"పేషెంట్లు వేరు, స్టాఫ్ వేరు" అన్నాడు మేనేజరు. "అయినా ఆ పిచ్చి క్రీములు రాసుకోమని నేను చెప్పలేదే!"

"చెప్పలేదు. 'ఇంకాస్త తేలాలి' అన్నారు. తేలాక 'ఇప్పుడు బాగుంది' అన్నారు. కాలాక కిందికి పొమ్మన్నారు. ఈ మూడు మాటలూ మీవే కదా? పద్నాలుగేళ్ళలో నేను ఒక్క టోకెను తప్పు ఇచ్చానా? ఒక్క పేషెంటుని కసిరానా? నా పనిలో తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాను. నా తోలులో తప్పుందంటే నేనెక్కడికి పోయి దిద్దుకోను? పన్నెండేళ్ళ నా కూతురు ఆ డబ్బా తెచ్చుకుంది. దానికి ఎవరు నేర్పారు? వీడియోలు కాదు సార్. మనం నేర్పాం. మీ కాగితం చదివి, తల వంచుకుని అద్దం ముందు నిలబడ్డ నేను కూడా నేర్పాను."

వెనక వరుసలో క్యాషియరు గడ్డం రుద్దుకుంటూ లేచాడు. "నిజం సార్. నా ముఖం గురించి ఇన్నేళ్ళలో ఎవరూ ఏమీ అనలేదు. అనాలంటే ముందు నన్నే అనాలి." ఎవరో కిసుక్కుమన్నారు. కాని పెద్ద డాక్టరమ్మ నవ్వలేదు. ఆ నోటీసు తెప్పించుకుని మొదటి నుంచి చివరి దాకా చదివింది.

"దీని మీద సంతకం నాది" అంది. "చదవకుండా పెట్టాను. కంటి డాక్టరునై ఉండి, కళ్ళు మూసుకుని పెట్టాను. మొదటి తప్పు నాది." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, "ఇది రద్దు. రేపటి నుంచి టోకెనక్క తన కౌంటరులోనే కూర్చుంటుంది" అంది.

కథ సుఖంగా ముగిసిందని చెప్పడానికి వీల్లేదు. ఆ మచ్చలు మానడానికి ఏడు నెలలు పట్టింది. ఎడమ చెంప మీద ఒకటి ఉండిపోయింది. కూతురు ముఖానికి ముప్పు తప్పింది గాని, అద్దం ముందు ఆ పిల్ల మనసు కుదుటపడడానికి ఇంకా సమయం కావాలి. పరీక్షలో స్టెరాయిడ్ బయటపడి చర్మం డాక్టరు ఫిర్యాదు చేశాక పార్లరావిడ ఆ డబ్బాలు తీసేసింది. రెండు వీధుల అవతల ఇంకొకరు అమ్ముతూనే ఉన్నారు.

ఒకరోజు కూతురు అడిగింది. "అయితే మేకప్ వేసుకోవడం తప్పా అమ్మా?"

"తప్పెందుకవుతుంది? పెద్దయ్యాక సరదా పుడితే వేసుకో, నచ్చకపోతే కడిగేసుకో. అది నీ ఇష్టం. కాని అది లేకపోతే నువ్వు తక్కువ అని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోకు."

చదువరులారా, మన ఇళ్ళలో, మన కార్యాలయాల్లో, మనం రోజూ ఆగే కౌంటర్ల వెనక ఇలాంటి ముఖాలు ఎన్ని మండుతున్నాయో ఒక్కసారి చూడండి. శుభ్రంగా పనికి రమ్మని ఎవరినైనా అడగవచ్చు. ముఖం మార్చుకుని రమ్మని అడిగే హక్కు ఏ యజమానికీ లేదు, ఏ ఇంటికీ లేదు.