వెయ్యమంటే తెరుచుకునే తలుపు

బావమరిది గుమ్మంలో అడుగుపెడితే చాలు, దర్జీకి ఒంటిమీద గొంగళిపురుగు పాకినట్టుండేది. ఆ రోజు వాడు వస్తూనే కత్తిరింపు బల్ల మీది బట్టలు మోచేత్తో నెట్టి, పేకముక్కంత పచ్చబిళ్ళ ఒకటి పెట్టాడు. తీగల తొక్క పళ్ళతో ఒలిచి, తుపుక్కున బల్లమీదే ఊశాడు.

"ఏంట్రా ఈ రోత?"

"కంప్యూటర్ బావా. ఇక లైట్లు, ఫ్యాన్లు, తలుపు గడియ అన్నీ దీని చెప్పుచేతల్లోనే. అక్క మంచం మీంచి చెబితే చాలు."

"మీ అక్క చెప్పుచేతల్లో నేనొకణ్ణి పడున్నది చాలదూ, ఇదొకటా?"

దర్జీ పెళ్ళాం గోడవైపు తిరిగి నవ్వింది. తుంటి విరిగి మంచాన పడ్డాక ఆమెకు ఒకటే బెంగ. ఎవరొచ్చి తలుపు తట్టినా, మొగుడు మిషను ఆపి లేచేదాకా పడుండాలి. తన గుమ్మం తాను తెరవలేని బతుకైపోయిందని లోలోపల కుమిలేది.

వాడు బిళ్ళను పాత సబ్బుపెట్టెలో కుక్కాడు. జిడ్డు కూడా తుడవలేదు. గోడకు తగిలించి, గడియకు తీగ కలిపాడు.

ఆమె "లైటు వెయ్యి" అంది. వెలిగింది. "లైటు తియ్యి" అంది. ఆరిపోయింది.

"తలుపు సంగతో?"

"అదీ అంతేనే అక్కా" అంటూ, కుట్టడానికొచ్చిన పరదాకు చేతులు తుడుచుకుని పోయాడు.

దర్జీ దారం కొనడానికి బయలుదేరాడు. తలుపు దగ్గరగా లాగి, "వేసుకో" అని కేకేసి వెళ్ళాడు. ఆమె "తలుపు వెయ్యి" అంది. గడియ టక్కుమని వెనక్కి పోయింది. అసలే వాలు తలుపు, బార్లా తెరుచుకుంది.

దర్జీ తిరిగొచ్చేసరికి మురిక్కాలవలో పొర్లిన వీధికుక్క ఒకటి లోపలుంది. కుట్టడానికొచ్చిన డాక్టరుగారి తెల్లకోటు మీద కక్కి, కక్కినదాన్నే నాకుతోంది. పెళ్ళాం గొంతు బొంగురుపోయింది.

"వెయ్యి, వెయ్యి అని మొత్తుకున్నానండీ. కదిలితేనా."

కబురందుకుని బావమరిది ఏదో నములుతూ వచ్చాడు. చూసి నవ్వాడు.

"వెయ్యి అంటే కరెంటు వెయ్యమని నేర్పాను బావా. కరెంటు వేస్తే ఈ గడియ ఊడుతుంది."

"లైటు వేస్తే వెలుగుతుంది, తలుపు వేస్తే మూసుకుంటుంది. ఉగ్గుపాలతో వచ్చిన మాటలు కూడా మరిచావుట్రా?"

"మార్చేస్తాలే."

"మార్చేదేంటి, పీకి పారేస్తా." దర్జీ సబ్బుపెట్టె మీద చెయ్యి వేశాడు. జిడ్డు అంటుకుంది. చీదరగా వెనక్కి లాక్కున్నాడు.

"ఎవరూ ముట్టుకోవద్దు" అంది ఆమె. "మార్చనూ వద్దు. తెరవాలంటే వెయ్యమంటాను. దొంగవెధవెవడైనా కిటికీ దగ్గర నిలబడి తియ్యి, తియ్యి అని గింజుకున్నా కదలదు. ఇన్నాళ్ళకి నా మాటకి తలుపు తెరుచుకుంది. కుక్కకైతేనేం."

కోటు ఎంత ఉతికినా దర్జీ చేతుల కంపు పోలేదు. మర్నాడు రెండు చేతులా బట్టల మూటతో గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఏమే, తలుపు."

"తలుపు ఏం చెయ్యమంటారు?"

"నీకు తెలీదూ?"

"మీ నోటితో అనండి."

వీధిలో అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. ఆముదం తాగినవాడిలా మొహం పెట్టి, "వెయ్యి" అన్నాడు.

లోపలినుంచి ఆమె తీరిగ్గా, "తలుపు వెయ్యి" అంది. గడియ టక్కుమంది.

దర్జీ పక్కకు తిరిగి ఉమ్మేసి, లోపలికి పోయాడు.